తెలుగు క్రైస్తవ విద్యలో వలస వారసత్వం: బడి తలుపు, బోధనా పద్ధతి – ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలో ఒక బడి కనబడుతుంది. యెరూషలేము నుండి చెరగొనిపోబడిన యౌవనులను తన కొలువులో నిలుపుకోవాలని తలచిన నెబుకద్నెజరు వారికి కల్దీయుల విద్యను, భాషను నేర్పించమని ఆజ్ఞాపించాడు. చదువు మూడు సంవత్సరాలు. భోజనం రాజు బల్ల నుండి. పేర్లు కూడా మార్చారు. దానియేలు బెల్తెషాజరు అయ్యాడు. ఈ అధ్యాయాన్ని మనం ఎక్కువగా ఉపవాస కూడికలలో, ఆహార నియమాన్ని గూర్చి ప్రసంగించడానికి వాడుకుంటాము. కాని ఇది ఒక సామ్రాజ్యం తాను జయించిన ప్రజల పిల్లలకు పాఠ్యప్రణాళిక తయారుచేసిన కథ కూడా. దానియేలు ఆ విద్యను నిరాకరించలేదు. నేర్చుకున్నాడు, అందులో ఇతరులను మించాడు. అయినా తాను ఎవరి బిడ్డో మరచిపోలేదు.

పాఠశాలల్లో, వేదాంత కళాశాలల్లో బోధన వలసవాద ప్రభావం నుండి విముక్తి పొందాలన్న మాట నేడు సదస్సులలో తరచుగా వినబడుతున్నది. దీనికి మన మధ్య రెండు రకాల జవాబులు ఉన్నాయి. ఇంగ్లీషువారితో వచ్చినదంతా బానిసత్వమే కనుక పూర్వపు విద్యకు మరలాలని కొందరు అంటారు. మిషనరీలు అక్షరం నేర్పకపోతే మనం ఎక్కడ ఉండేవారమని, వారి పద్ధతిని ప్రశ్నించడం కృతఘ్నత అని మరికొందరు అంటారు. ఈ రెండూ అసంపూర్ణమైన జవాబులని మా అభిప్రాయం. తెలుగు దేశంలో మిషన్ బడి అంతకు ముందు మూసి ఉన్న ఒక తలుపును తెరిచింది. ఆ తలుపు గుండా లోపలికి వచ్చినవారిని మాట్లాడనివ్వని ఒక పద్ధతి కూడా అదే బడిలో స్థిరపడింది. తలుపును కాపాడుకుంటూ పద్ధతిని మార్చుకోవడమే తెలుగు సంఘానికి సంబంధించినంతవరకు వలసవాద విముక్తి అని ఈ వ్యాసంలో చూపడానికి ప్రయత్నిస్తున్నాము.

2. వీధిబడి: 1823 నాటి లెక్కలు

పూర్వపు విద్య ఎలా ఉండేదో ఊహించుకోనవసరం లేదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో ప్రతి జిల్లా కలెక్టరు నుండి బడుల వివరాలు కోరాడు. 1826 నాటికి వచ్చిన మొత్తం లెక్క ప్రకారం ప్రెసిడెన్సీలో 12,498 బడులు ఉన్నాయి. వీటిలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మనకు ముఖ్యమైనది. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం రాసిన వ్యక్తి. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో 533 బడులు ఉండగా, వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. ఇంగ్లీషు బడి ఒక్కటే. చదువుకునే పిల్లలు 6,641 మంది.

ఆ బడి మన పెద్దలు చెప్పే వీధిబడే. అరుగు మీద గాని చెట్టు క్రింద గాని పంతులు కూర్చుండేవాడు. పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. గుణింతాలు, ఎక్కాలు అందరూ కలిసి రాగంతో వల్లించేవారు. ముందు నేర్చినవాడు వెనుకవానికి చెప్పేవాడు. ఈ పొదుపైన పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అయితే పిల్లలు కంఠస్థం చేసే పద్యాల భాష వారు మాట్లాడే భాష కాదని, అర్థం తెలియకుండా చిలుకల వలె వల్లిస్తున్నారని కూడా రాశాడు. ఈ బడులు క్షీణించడానికి కారణం కూడా దాచలేదు. ఇంగ్లండు నుండి వచ్చే బట్టల వలన నేతపనివారు జీవనం కోల్పోయారని, దేశంలోని ధనం బయటికి పోతున్నదని, ప్రజలకు బడి జీతం ఇచ్చే శక్తి తగ్గిందని వివరించాడు. ఆ 533 బడులలో ఒక్కదానికైనా ప్రభుత్వ సహాయం లేదని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. ఒక వలస అధికారి తన ప్రభుత్వం మీద తానే ఇచ్చిన సాక్ష్యం ఇది.

ఈ నివేదికలను ధరంపాల్ 1983లో గ్రంథరూపంలో వెలువరించిన తరువాత, ఇంగ్లీషువారు రాకముందు మన దేశంలో విద్య లేదన్న మాట నిలబడలేదు. శూద్ర కులాల పిల్లలు కూడా గణనీయంగా చదువుకున్నారని ఆ లెక్కలు చూపాయి. దీనిని మనం సంతోషంగా ఒప్పుకోవాలి. కాని అదే నివేదికలో మరొక లెక్క ఉంది. బళ్ళారి జిల్లా బడులలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. ఊరి బయట ఉన్న మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు ఊరి అరుగు మీద చోటు ఉండేది కాదన్నది మన సంఘాలలోని కుటుంబాలకు ఎవరూ చెప్పనవసరం లేని సంగతి. పూర్వపు బడికి మరలిపోదామని పిలిచేవారు, ఆ బడి గడప దగ్గర ఎవరు ఆగిపోయారో ముందుగా చెప్పవలసి ఉంటుంది.

3. ఇసుక రాత చేసిన ప్రయాణం

వలస విద్యను గూర్చి మాట్లాడేటప్పుడు సాధారణంగా పడమర నుండి తూర్పుకు జరిగిన ప్రయాణాన్నే చూస్తాము. కాని ఒక పద్ధతి ఎదురు దిశలో వెళ్ళింది. 1789లో మద్రాసులోని ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే ఆంగ్లికన్ పాదిరి పర్యవేక్షకుడయ్యాడు. ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో రాస్తూ నేర్చుకోవడం అతడు చూశాడు. తన బడిలోని ఉపాధ్యాయులు దానిని అంగీకరించలేదు. అప్పుడు ఎనిమిదేళ్ళ బాలుడొకనిని చిన్న పిల్లలకు బోధకునిగా పెట్టి ఆ పద్ధతిని నడిపించాడు. 1796లో స్వదేశానికి వెళ్ళి, మరుసటి సంవత్సరం దానిని గూర్చి పుస్తకం ప్రచురించాడు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’ అని పేరు పొంది వేలాది బడులలో పాటింపబడింది. తరువాత మిషన్ సంఘాలు అదే పద్ధతిని మరల మన దేశానికి తెచ్చి నవీన విద్యావిధానంగా అమలుచేశాయి.

ఈ వృత్తాంతం రెండు సంగతులు నేర్పుతుంది. మొదటిది, జ్ఞానం ఎవరిదో నిర్ణయించేది దానిని మొదట ఆచరించినవాడు కాదు, దానిని గూర్చి పుస్తకం రాసినవాడు. ఆ నాటు బడి పంతులు పేరు మనకు తెలియదు. బెల్ దేహం మాత్రం వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేయబడింది. రెండవది, స్వదేశీ పద్ధతి అయినంత మాత్రాన అది విడుదలనిచ్చే పద్ధతి కాదు. పేద పిల్లలను తక్కువ ఖర్చుతో, ఎక్కువ సంఖ్యలో, క్రమశిక్షణలో ఉంచడానికి ఇంగ్లండు దానిని వాడుకున్నది.

4. మచిలీపట్నం నుండి తాళ్ళకొండపాడు వరకు

1835లో మెకాలే తన అభిప్రాయపత్రంలో ప్రభుత్వ ధనాన్ని ఇంగ్లీషు విద్యకే వెచ్చించాలని, కొద్దిమందికి ఆ విద్య నేర్పితే వారి ద్వారా అది సామాన్యులకు దిగుతుందని వాదించాడు. ఈ ఆలోచన ప్రభుత్వానికే పరిమితం కాలేదు, మిషన్లలో కూడా ప్రవేశించింది. చర్చి మిషనరీ సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో ఇంగ్లీషు బడి ప్రారంభించాడు. ఆయన భక్తిని, త్యాగాన్ని మేము తక్కువచేయము. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఊరిలోనే పనిచేసి 1865లో అక్కడే మరణించాడు. కాని ఆయన బడి అగ్రవర్ణాల పిల్లలను ఉద్దేశించినది. అంటరానివారిగా ఎంచబడిన కులాల పిల్లలకు ఆ రోజుల్లో అందులో చోటు ఇవ్వలేదు. పైవారు మారితే క్రిందివారు మారుతారన్న ఆశ దాని వెనుక ఉంది. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందినప్పుడు తలిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి దాదాపు ఖాళీ అయింది. వీరిద్దరూ తరువాత నమ్మకమైన సేవకులయ్యారు.

తెలుగు దేశంలో సంఘం విస్తరించినది మాత్రం పైనుండి క్రిందికి కాదు. 1859లో రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద తానే సత్యదేవుని వెదకుచు మిషనరీ యొద్దకు వచ్చాడు. 1866లో ఒంగోలు ప్రాంతంలోని తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య నెల్లూరు వెళ్ళి బాప్తిస్మం పొందాడు. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. ఆయనను ‘చదువురాని మొదటి విశ్వాసి’గా చెప్పుకోవడం మనకు అలవాటు. కాని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథంలో మరొక చిత్రం ఉంది. పేరయ్య క్రీస్తును ఎరుగక ముందే రాజయోగ గురువుల యొద్ద శిష్యరికం చేసినవాడు. దేవుడు ఒక్కడే అన్న బోధను, ధ్యానాన్ని అభ్యసించినవాడు. తానే శిష్యులను కూర్చుకున్నవాడు. అంటే ఊరి అరుగు మీద చోటు దొరకని పల్లెకు తన స్వంత గురుపరంపర ఉంది. జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరే నాటికి అక్కడ ఒక శ్రోత మాత్రమే కాదు, ఒక వేదాంతి ఎదురుచూస్తున్నాడు. 1878లో వెల్లంపల్లిలో ఒకే దినాన 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతిని ప్రతి సంఘచరిత్ర పాఠంలో చెబుతాము. దానికి పన్నెండేళ్ళ ముందే పేరయ్య వంటివారు కాలినడకన పల్లెపల్లె తిరిగి వేసిన పునాదికి ఆ పాఠంలో ఒక పేరా కూడా దొరకదు.

5. పరీక్షాధికారి వచ్చిన దినం

పల్లెలో సంఘం ఏర్పడిన చోట ఒక బడి కూడా ఏర్పడింది. పగలు పిల్లలకు పాఠం, సాయంకాలం ప్రార్థన, ఆదివారం ఆరాధన, అన్నీ ఒకే పాక క్రింద, తరచుగా ఒకే వ్యక్తి చేతి మీద జరిగేవి. మాల మాదిగ పిల్లలకు, ఆడపిల్లలకు అక్షరం మొదట దొరికినది అనేక ఊళ్ళలో ఆ పాకలోనే. వ్రాలు చేయలేక వేలిముద్ర వేసినవాని కుమారుడు పత్రం చదివి ‘ఇందులో ఇలా లేదే’ అని అడగగలిగాడు. ఇది చిన్న విప్లవం కాదు. దీనిని మరచిన వలసవాద విమర్శ మన సంఘాలకు అక్కరలేదు.

కాని ఆ పాకలోనికి మరొకటి కూడా ప్రవేశించింది. 1854 నాటి వుడ్ విద్యాపత్రం తరువాత ప్రభుత్వం ప్రైవేటు బడులకు గ్రాంటు ఇవ్వసాగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1860ల దశకం నుండి ‘ఫలితాలను బట్టి గ్రాంటు’ అనే విధానం అమలైంది. ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రతి పిల్లవానిని చదవడంలో, రాయడంలో, లెక్కలలో పరీక్షించేవాడు. ఎందరు నెగ్గితే అంత సొమ్ము. పంతులు జీవనం ఆ ఒక్క దినం మీద ఆధారపడింది. అటువంటి చోట పంతులు ఏమి చేస్తాడు? ఇన్‌స్పెక్టరు అడిగే ప్రశ్నలను ముందే ఊహించి, జవాబులను నోటికి వచ్చేవరకు వల్లెవేయిస్తాడు. ప్రశ్న వేసే పిల్లవాడు అతనికి ఆటంకమవుతాడు. 1904లో ప్రభుత్వమే తన విద్యా తీర్మానంలో ఈ విధానాన్ని తోసిపుచ్చింది. అయినా అలవాటు నిలిచిపోయింది.

మన ప్రశ్నోత్తరాల పుస్తకాలు కూడా ఇదే మూసలో వాడబడ్డాయి. ప్రశ్న కూడా అచ్చులో ఉంటుంది, జవాబు కూడా అచ్చులో ఉంటుంది. పిల్లవానికి మిగిలిన పని జ్ఞాపకం పెట్టుకోవడమే. ద్వితీయోపదేశకాండము 6:20లో ప్రశ్న కుమారుని నోటి నుండి వస్తుంది. ఈ కట్టడలు ఏమిటని అతడు అడుగుతాడు. తండ్రి జవాబుగా తమ దాస్యపు కథను, విడుదల కథను చెబుతాడు. లూకా 2:46లో పన్నెండేళ్ళ యేసు బోధకుల మధ్య కూర్చుండి వారిని ప్రశ్నలడుగుతున్నాడు. ఇన్‌స్పెక్టరు బడిలో ఈ ఇద్దరు బాలురకూ మంచి మార్కులు వచ్చేవని మేము అనుకోము.

6. ఏ తెలుగు?

భాష విషయంలో కూడా చరిత్ర మనం అనుకున్నంత సూటిగా లేదు. ‘శుద్ధమైన పూర్వపు తెలుగు’ అని మనం గౌరవించే పాఠ్యపుస్తకపు వచనం అంత పూర్వపుది కాదు. పరవస్తు చిన్నయ సూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణం 1858లో వెలువడ్డాయి. ఆయన మద్రాసులో ప్రభుత్వ విద్యాసంస్థలో పండితుడు. ఇంగ్లీషువారి పాలనలో ఏర్పడిన కొత్త బడులకు పాఠ్యపుస్తకాలు కావలసి వచ్చినప్పుడు ఆ వచనం ప్రమాణంగా నిలిచింది. అంటే పిల్లవాని నోటి భాషను తప్పు అన్న గ్రాంథికం కూడా కొంతవరకు వలస కాలపు బడి పెంచినదే.

దీనిని ప్రశ్నించినవారిలో ముఖ్యుడు గిడుగు రామమూర్తి (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన ఆయన సవర గిరిజనుల భాషను నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు తయారుచేసి బడులు నడిపించాడు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో వెలువడింది. సవర పిల్లవానికి సవరలో చెప్పాలని తెలుసుకున్న వ్యక్తి, తెలుగు పిల్లవానికి వాడుక తెలుగులో ఎందుకు చెప్పకూడదని అడగడం సహజమే. ఆ ఉద్యమానికి ప్రోద్బలమిచ్చినవారిలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె. ఎ. యేట్స్ అనే ఇంగ్లీషువాడు ఉండగా, ఎదిరించినవారిలో మన పండితులు ఉన్నారు. కనుక వలసవాదాన్ని చర్మపు రంగును బట్టి గుర్తించలేము. మాట్లాడే మనిషి నోటిని ఎవరు మూయిస్తున్నారో చూసి గుర్తించాలి.

సంఘంలో దీనికి ఎదురు ఉదాహరణ ఆది నుండీ ఉంది. 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి క్రీస్తును గూర్చి కీర్తనలు రాసినప్పుడు మన రాగ తాళాలను ఎన్నుకున్నాడు. చదువు రాని తల్లులు కూడా ఆ కీర్తనల ద్వారా సిద్ధాంతం నేర్చుకున్నారు. 1895లో వినుకొండలో జన్మించిన గుర్రం జాషువ తనను బయట నిలిపిన సంప్రదాయపు పద్యాన్నే చేతబట్టి 1941లో గబ్బిలం కావ్యంలో ఆ సంప్రదాయాన్ని నిలదీశాడు. కల్దీయుల విద్య నేర్చి తాను ఎవరో మరచిపోని దానియేలు మార్గం ఇదే.

7. మన తరగతి గదులు

ఇక మన సంగతి. కాపరుల కూడికలలో మేము కొన్ని సంవత్సరాలుగా ఒక ప్రశ్న అడుగుతూ వచ్చాము: ‘మీ గ్రామంలో మొదట ప్రభువును నమ్ముకున్నది ఎవరు?’ చాలామంది వెంటనే ఒక మిషనరీ పేరు చెబుతారు. అడిగినది ఎవరు తెచ్చారని కాదు, ఎవరు నమ్మారని. అది మరల వివరిస్తే గది నిశ్శబ్దమవుతుంది. ఈ తప్పు ఇతరులది మాత్రమే అనుకోవడం లేదు. మేము కాపరిగా ఉన్న ఒక సంఘంలో ఎంతో వయసు మీరిన ఒక తల్లి ఉండేది. ఆమె నాయనమ్మ ఏ చెరువులో బాప్తిస్మం పొందినదో, దాని తరువాత ఊరివారు ఎన్ని నెలలు పని ఇవ్వలేదో, ఆ దినాలలో ఏ పాట పాడుకున్నారో ఆమెకు తెలుసు. ఆమెకు ప్రభు భోజనం ఇవ్వడానికి అనేక సార్లు ఆ ఇంటికి వెళ్ళాము. ఒక్కసారైనా కాగితం, కలం పట్టుకొని కూర్చోలేదు. సంఘచరిత్ర అంటే పుస్తకంలో ఉండేదని మాకు నేర్పబడింది. ఆమె సమాధి దగ్గర వాక్యం చెబుతున్నప్పుడు గాని ఏమి పోగొట్టుకున్నామో మాకు తెలియలేదు.

కనుక మేము కొన్ని మార్పులు కోరుతున్నాము. మొదటిది, సంఘచరిత్ర పాఠం ఓడ దిగిన మిషనరీతో కాక, ఆయనను కలుసుకోవడానికి ముందే వెదకుచున్న పేరయ్యతో, వెంకయ్యతో మొదలు కావాలి. విశాఖపట్టణంలో మొదటి సువార్తల అనువాదానికి తోడ్పడిన ఆనందరాయర్ పేరు డెగ్రాంజెస్ పేరు ప్రక్కనే ఉండాలి. రెండవది, ప్రతి వేదాంత విద్యార్థి పట్టా పొందకముందు ఒక గ్రామ సంఘపు మౌఖిక చరిత్రను పెద్దల నోట విని రాయాలి. అది ఐచ్ఛికం కాకూడదు. మూడవది, పరీక్షలో జ్ఞాపకశక్తికి ఇచ్చే మార్కులలో సగమైనా విద్యార్థి వేసే ప్రశ్నకు, అతడు తన ఊరి అనుభవంతో వాక్యాన్ని కలిపే తీరుకు ఇవ్వాలి. నాలుగవది, సండే స్కూలులో బంగారు వాక్యం కంఠస్థం చేయించడం మానవద్దు. కాని వాక్యం అప్పజెప్పిన బిడ్డను ‘దీనిలో నీకు అర్థం కానిది ఏమిటి?’ అని అడగకుండా కూర్చోబెట్టవద్దు. నెహెమ్యా 8:8లో లేవీయులు గ్రంథం చదవడంతో ఆగలేదు, జనులు గ్రహించునట్లు దానికి అర్థం చెప్పారు.

8. ఇంగ్లీషు సంగతి

ఇంగ్లీషును తోసివేయడమే వలసవాద విముక్తి అని అనుకునేవారికి ఒక మాట. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ ఉత్తర్వు ఇచ్చింది. 2020లో హైకోర్టు దానిని కొట్టివేసింది. ఆ చర్చలో మాతృభాషను గూర్చి గట్టిగా మాట్లాడినవారిలో అనేకుల పిల్లలు ఇంగ్లీషు బడులలోనే చదువుతున్నారు. మన సంఘాలలోని కూలి తల్లులు మాత్రం తమ పిల్లలకు కూడా ఆ భాష కావాలన్నారు. వారి కోరికను బానిస మనస్తత్వమని కొట్టివేయడానికి మాకు మనసు ఒప్పదు. ఊరి అరుగు దగ్గర ఒకసారి ఆగిపోయినవారికి మరల గడప దగ్గర ఆగిపోతామేమోనన్న భయం ఉంటుంది. అదే సమయంలో, అర్థం కాని భాషలో వల్లించే పిల్లవాడు 1823లో కాంప్‌బెల్ చూసిన పిల్లవానికి భిన్నం కాడన్నది కూడా నిజం. తల్లి భాషలో ఆలోచించడం నేర్పి, ఇంగ్లీషును బాగుగా నేర్పే బడిని కోరడం వారి హక్కు. ఆ బడి కొరకు నిలబడడం సంఘం బాధ్యత.

9. ముగింపు

బబులోను దానియేలుకు పేరు మార్చింది గాని, లేఖనం అతనిని దానియేలు అనే పిలుస్తూ వచ్చింది. మన చరిత్ర పాఠాలలో పేర్లు మారిపోయినవారు, అసలు పేరే లేకుండా ‘కొందరు స్థానిక విశ్వాసులు’ అని మిగిలిపోయినవారు అనేకులు. వారిని పేరు పెట్టి పిలవడం పరిశోధకుల పని మాత్రమే కాదు, కాపరి పని కూడా. తన గొర్రెలను పేరు పెట్టి పిలిచేవాడే మంచి కాపరి అని మన ప్రభువు చెప్పాడు. ఈ వ్యాసం చదివిన దైవజనులు వచ్చే ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత తమ సంఘంలో అందరికంటె పెద్దవారి ఇంటికి ఒక నోటుపుస్తకంతో వెళ్ళాలని, వెళ్ళి మొదట ప్రశ్న అడిగి, తరువాత మౌనంగా వినాలని మా మనవి.